తెల్ల పాముల రాత్రులు

1871లో వియన్నాలో పాతికేళ్ల డాక్టరొకడు శవపరీక్ష చేస్తుండగా కుడిచేతి బొటనవేలికి గాయమైంది. చేతులకు రబ్బరు గ్లౌజులు ఇంకా రాని రోజులు. శవాన్ని కోసే కత్తి చేతికి తగిలితే ఏమవుతుందో ఆ ఊరి డాక్టర్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1847లో అక్కడే కొలెచ్‌కా అనే ప్రొఫెసరు అలాంటి గాటుకే ఒళ్లంతా విషమెక్కి పోయాడు. ఆ చావు సంగతి తెలిశాకే సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు పురుళ్ల వార్డులో డాక్టర్లందరినీ చేతులు కడుక్కుని రమ్మన్నాడు. ఈ కుర్రాడికి వేలు తీసేశారు, ప్రాణం నిలిచింది. ఆ తర్వాత అతను బతికిన ఇరవయ్యేళ్లూ ఆ వేలి బాకీ తీర్చడానికే సరిపోయాయి.

పేరు ఎర్న్‌స్ట్ ఫ్లైషల్ ఫోన్ మార్క్సోవ్. కలిగిన ఇంటి బిడ్డ. తల్లి ఈడా చుట్టూ ఎప్పుడూ రచయితలే; బెట్టీ పావొలి అనే కవయిత్రి అయితే ఏకంగా వాళ్లింట్లోనే దశాబ్దాల తరబడి ఉండిపోయింది. కుర్రాడు అందగాడు, మాటకారి, ఆటల్లో మేటి. బుద్ధి చూస్తే ఏ శాస్త్రం ముట్టుకున్నా పట్టుబడే బుద్ధి. అలాంటివాణ్ని చూస్తే తోటివాళ్లకు అసూయ పుట్టాలి. అతని విషయంలో పుట్టింది ఎక్కువగా ఆరాధనే. ఆ ఆరాధకుల్లో ఒకడే చివరికి అతని చేతికి ఒక తెల్ల పొడి అందించాడు.

తెగిన నరం ఊరికే ఉండదు. దాని కొస మళ్లీ పెరగాలని చూస్తుంది; చేరాల్సిన చోటు లేదు కాబట్టి అక్కడక్కడే మెలికలు తిరిగి ముడి కడుతుంది. దాన్నే న్యూరోమా అంటారు. చొక్కా అంచు తగిలినా చాలు, ప్రాణం విలవిల్లాడుతుంది. ముడిని కోసి తీసేస్తే కొత్త కొస పుడుతుంది, కొత్త ముడి మొదలవుతుంది. యూరప్ అంతటా పేరు మోగిన సర్జన్ బిల్‌రోత్ ఆ చేతిని మళ్లీ మళ్లీ కోశాడు. ప్రతి ఆపరేషన్ తర్వాతా కొన్నాళ్లు ఆశ, ఆపైన మళ్లీ ఆ నొప్పే.

శవాలు కోసే పని ఇక కుదరదు. లైప్‌జిగ్‌లో కార్ల్ లుడ్విగ్ దగ్గర కొంతకాలం చదువుకుని, వియన్నాకు తిరిగొచ్చి, బ్రూకె నడిపే ఫిజియాలజీ సంస్థలో చేరాడు. అది ఒకప్పటి తుపాకుల కర్మాగారం. చీకటి గదులు, కంపు. అక్కడ అతను ఎంచుకున్న విషయం నరాల్లో పారే విద్యుత్తు. కప్ప నరానికి తీగలు తగిలించి సూది కదలికలు చూస్తూ పగళ్లు గడిపినవాణ్ని రాత్రిళ్లు తన చేతిలో తెగిన నరమే పడుకోనిచ్చేది కాదు. విధి వెక్కిరింత అని మనం తేలిగ్గా వాడే మాటకు ఇంతకంటే నిక్కమైన ఉదాహరణ నాకు తోచదు.

నిద్ర రాని రాత్రులకు అతను వేసుకున్న మందులు రెండు. ఒకటి చదువు. తెల్లవార్లూ భౌతికశాస్త్రం, గణితం. కొన్నాళ్లకు అవీ నొప్పిని మరిపించలేక సంస్కృతం మొదలుపెట్టాడు. బొంబాయి రాజ్యంలో పదిహేడేళ్లు పనిచేసి వచ్చిన గేయార్గ్ బ్యూలర్ అప్పుడే వియన్నా విశ్వవిద్యాలయంలో సంస్కృతాచార్యుడయ్యాడు కాబట్టి ఆ ఊళ్లో ఆ భాషకు గాలి మంచిగానే ఉండేది. వేలు లేని చేత్తో, వేల మైళ్ల అవతలి శబ్దరూపాలు వల్లిస్తూ, తెల్లారే దాకా కూర్చున్న ఆ మనిషిని తలుచుకుంటే మనవాళ్లకు కాస్త ఎక్కువే దగ్గరవుతాడు.

రెండో మందు మార్ఫిన్. మొదట నొప్పికి, తర్వాత నొప్పి వస్తుందేమోనన్న భయానికి, చివరకు మార్ఫిన్ లేకపోతే పట్టుకునే వణుకుకు.

1876లో ఇరవయ్యేళ్ల సిగ్మండ్ ఫ్రాయిడ్ అదే సంస్థలో విద్యార్థిగా అడుగుపెట్టాడు. చేపల వెన్నుపాము కణాలు చూస్తూ మైక్రోస్కోపు ముందు కూర్చునే బీద యూదు కుర్రాడికి తనకంటే పదేళ్లు పెద్దయిన ఫ్లైషల్ ఒక ఆదర్శం. 1882లో మార్తా బెర్నైస్‌తో నిశ్చితార్థమయ్యాక, ఆమెకు రాసిన ఉత్తరాల్లో ఫ్లైషల్ గురించి రాసేటప్పుడు ఫ్రాయిడ్ కలం ఆగదు. ఒక చోట, నీకు తగినవాడు నాకంటే అతనేనేమో అన్న ధోరణి కూడా కనిపిస్తుంది. ఫ్లైషల్‌కు మాత్రం ఏళ్ల తరబడి సాగిన నిశ్చితార్థం ఒకటి పెళ్లి దాకా రాకుండానే తెగిపోయింది.

ఫ్రాయిడ్‌కు పెళ్లి చేసుకోవడానికి డబ్బు కావాలి, డబ్బుకు పేరు కావాలి, పేరుకు ఏదో ఒకటి కనిపెట్టాలి. అప్పుడే అతని కంట కొకైన్ పడింది.

అండీస్ కొండల్లో కోకా ఆకు నమిలే అలవాటు వేల ఏళ్ల నాటిది. ఆకలి, అలసట, కొండలెక్కినప్పటి ఆయాసం తెలియకుండా ఉండడానికి పనివాళ్లు దవడన పెట్టుకునేవారు. ఆకులో ఉన్న అసలు సరుకును విడదీసింది మాత్రం జర్మన్లు. 'నోవారా' అనే ఆస్ట్రియా యుద్ధనౌక 1857 నుంచి 1859 దాకా శాస్త్రజ్ఞులతో భూమి చుట్టి వచ్చింది. దారిలో మన మద్రాసులోనూ లంగరు వేసింది. ఆ యాత్రలో ఉన్న కార్ల్ షెర్జర్ తెచ్చిన ఆకులు గ్యోటింగెన్‌లో వోలర్ ప్రయోగశాలకు చేరాయి. అక్కడ ఆల్బర్ట్ నీమన్ అనే విద్యార్థి 1860 నాటికి తెల్లని స్ఫటికాలు తీసి, దానికి కొకైన్ అని పేరు పెట్టాడు. నాలుక మీద వేసుకుంటే మొద్దుబారుతోందని కూడా రాసిపెట్టాడు. మరుసటి ఏడాదే, ఇరవయ్యారేళ్ల వయసులో, పోయాడు. ఆ మొద్దుబారడాన్ని దాదాపు పాతికేళ్ల పాటు ఎవరూ వైద్యంలో వాడుకలోకి తేలేదు.

1883లో ఆషెన్‌బ్రాంట్ అనే సైనిక వైద్యుడు బవేరియా సైనికులకు కొకైన్ ఇచ్చి, అలసట తగ్గిందని ప్రకటించాడు. ఫ్రాయిడ్ అది చదివాడు. దానికి తోడు అమెరికాలోని డెట్రాయిట్ నుంచి వచ్చే ఒక వైద్యపత్రికలో, నల్లమందుకూ మార్ఫిన్‌కూ బానిసలైనవాళ్లు కోకాతో బయటపడుతున్నారన్న కథనాలు వరసగా వస్తున్నాయి. ఆ పత్రిక నడిపేది కోకా సారం అమ్మే పార్క్ డేవిస్ కంపెనీ మనుషులే. మందు అమ్మేవాడే మందు గొప్పతనం అచ్చేస్తుంటే కొంచెం ఆగి చూడాలన్న అనుమానం అప్పట్లో ఎవరికీ రాలేదు. ఇప్పుడు మాత్రం వస్తోందా అంటే, అది వేరే వ్యాసం.

1884 ఏప్రిల్లో ఫ్రాయిడ్ డార్మ్‌స్టాట్‌లోని మెర్క్ కంపెనీ సరుకు ఒక గ్రాము తెప్పించాడు. ముప్పై మూడు క్రూయిట్జర్లు ఉంటుందనుకున్న గ్రాము ధర మూడు గుల్డెన్ల ముప్పై మూడు క్రూయిట్జర్లని తెలిసి గుండె గుభేలుమంది. అయినా కొన్నాడు. ముందు తనే వేసుకున్నాడు. దిగులు పోయి మనసు తేటపడింది. కడుపు నిండినట్టుంది. మార్తాకు పంపాడు, చెల్లెళ్లకు ఇచ్చాడు, స్నేహితులకు పంచాడు. ఇందులో దురుద్దేశం వెతకడం అన్యాయం. తనకు మంచి చేసిందనుకున్నది తనవాళ్లకు ఇవ్వాలనుకోవడం మనిషి గుణం. మే నెలలో ఫ్లైషల్‌కు కూడా ఇచ్చాడు.

ఫ్లైషల్ మునిగిపోతున్నవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఒక్కసారిగా మార్ఫిన్ ఆపి కొకైన్ మొదలుపెట్టాడు. మొదటి రోజులు అద్భుతం. మార్ఫిన్ మానేస్తే రావాల్సిన ఒళ్లు నొప్పులు, వణుకు, విరేచనాలు రాలేదు. మనిషి లేచి తిరుగుతున్నాడు. ఫ్రాయిడ్ పెన్ను పట్టుకున్నాడు.

ఇక్కడే కాస్త ఆగాలి. 1884 జులైలో వియన్నా వైద్యపత్రికలో అచ్చయిన 'యూబర్ కోకా' వ్యాసంలో, మార్ఫిన్ మానిపించడానికి కొకైన్ ఇచ్చిన ఒక రోగి ప్రస్తావన ఉంది. పేరు లేదు. మంచాన పడకుండా పనులు చేసుకోగలిగాడని, పది రోజులయ్యాక కొకైన్ అవసరం కూడా లేకుండా పోయిందని అందులో రాశాడు. వ్యాసం పూర్తయింది జూన్‌లో. కానీ మే నెల మధ్యలోనే అదే ఫ్రాయిడ్ మార్తాకు రాసిన ఉత్తరంలో సంగతి మరోలా ఉంది: ఫ్లైషల్ పరిస్థితి ఎంత దీనంగా ఉందంటే కొకైన్ విజయాలు తలుచుకుని సంతోషపడలేకపోతున్నానని. బిల్‌రోత్ మళ్లీ ఆపరేషన్ చేశాడు, నొప్పి మళ్లీ వచ్చింది, నొప్పికి స్పృహ తప్పి నేల మీద పడి ఉన్న మనిషిని స్నేహితులు చూశారు. కొకైన్ ఆగలేదు.

ఒకే చెయ్యి, రెండు కాగితాలు. పెళ్లాడబోయే పిల్లకు నిజం, ప్రపంచానికి ఆశ. కావాలని అబద్ధమాడాడని గట్టిగా వాదించే పరిశోధకులున్నారు. నాకు అంతకంటే మామూలు సంగతిగానే తోస్తుంది. మొదటి వారం చూసిన వెలుగును అతను రోగం కుదరడం కింద లెక్కేసుకున్నాడు. తర్వాతి వారాల చీకటిని ఆపరేషన్ ఖాతాలో, నొప్పి ఖాతాలో, మార్ఫిన్ ఖాతాలో రాసుకున్నాడు. స్నేహితుడు బాగుపడాలని ఎంతగా కోరుకున్నాడంటే, బాగుపడ్డాడనే రాసేశాడు.

ఆ వేసవి చివర్లో, ఫ్రాయిడ్ కాబోయే భార్యను చూడ్డానికి జర్మనీ వెళ్లిన సమయంలో, అతని ఆసుపత్రి మిత్రుడు కార్ల్ కోలర్ కొకైన్ నీళ్లు ఒక కప్ప కంట్లో వేశాడు. సూదితో పొడిచాడు. కప్ప రెప్ప వేయలేదు. కుందేలు మీదా, కుక్క మీదా చూశాక తన కంట్లోనూ వేసుకుని గుండుసూది మొనతో తాకించుకున్నాడు. ఏమీ తెలియలేదు. సెప్టెంబర్ 15న హైడెల్‌బర్గ్‌లో కంటి వైద్యుల సభ జరిగింది. వెళ్లడానికి కోలర్ దగ్గర రైలు డబ్బుల్లేవు. అతని పత్రం ఇంకొకరు చదివారు. లోకల్ అనస్తీషియా అనేది ఆ రోజు పుట్టింది. ఫ్రాయిడ్ తండ్రి కంటికే మరుసటి ఏడాది ఆ చుక్కలతో ఆపరేషన్ జరిగింది.

నరంలో సంకేతం పారాలంటే సోడియం అయాన్లు లోపలికి దూకాలి. ఆ తలుపులను కొకైన్ మూసేస్తుంది. అందుకే కన్ను మొద్దుబారింది. పెట్టిన చోట పెడితే అది మందే. ఒళ్లంతా పారితే లెక్క మారుతుంది. మెదడులో ఒక కణం డోపమిన్‌ను విడుదల చేశాక మళ్లీ వెనక్కి లాక్కుంటుంది. ఆ లాక్కోవడాన్ని కొకైన్ ఆపేస్తుంది. డోపమిన్ అక్కడే మూగి ఉంటుంది, లోకం గెలిచినట్టుంటుంది. ఆ గెలుపు గంటసేపు కూడా నిలవదు. దిగిపోయాక మునుపటి మామూలు స్థితి కూడా మిగలదు, దానికంటే కింది మెట్టు మీద నిలబడతాడు మనిషి. అందుకే ఇంకో సూది. మార్ఫిన్ బానిస రోజుకు కొన్నిసార్లు వెతుక్కుంటాడు, కొకైన్ బానిస గంటకోసారి. ఈలోగా రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె పరుగెత్తుతుంది. మామూలుగా ముప్పు తక్కువగా ఉన్నవాళ్లలో కూడా తీసుకున్న మొదటి గంటలో గుండెపోటు ముప్పు ఇరవై నాలుగు రెట్లు పెరుగుతుందని 1999లో అమెరికాలో ఒక అధ్యయనం తేల్చింది. మద్యంతో కలిస్తే కాలేయంలో కోకాఇథిలీన్ అనే ఇంకో విషం తయారవుతుంది. మార్ఫిన్ అలవాటుకు ఈనాడు మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ లాంటి మందులున్నాయి. కొకైన్ అలవాటు మానిపించడానికి ఆమోదం పొందిన మందు ఈనాటికీ ఒక్కటీ లేదు.

ఫ్లైషల్ చేతిలో ఉన్నది ఈ రెండూ. కొకైన్ మార్ఫిన్‌ను తరిమేయలేదు, దాని పక్కన చాప వేసుకుంది.

1885 మార్చిలో ఫ్రాయిడ్ వియన్నా మానసిక వైద్యుల సంఘంలో ప్రసంగించాడు. మార్ఫిన్ మానేవాళ్లకు కొకైన్‌ను చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇవ్వవచ్చని, డోసు పెంచడానికి వెనకాడనక్కర్లేదని చెప్పాడు. అలవాటు పడతారన్న భయం లేదన్నాడు. ఆ వసంతంలోనే అతను ఫ్లైషల్ పక్కన రాత్రిళ్లు జాగారం చేస్తున్నాడు.

ఆ రాత్రులు ఎలా గడిచాయో ఉత్తరాల్లో ఉంది. నొప్పి తగ్గుతుందేమోనని ఫ్లైషల్ గంటల తరబడి వేడినీళ్ల తొట్టెలో కూర్చునేవాడు. ఫ్రాయిడ్, బ్రాయర్ లాంటి మిత్రులు వంతులేసుకుని పక్కన కూర్చునేవారు. నీళ్లలో కూర్చున్న మనిషి అప్పుడు కూడా మాట్లాడుతూనే ఉండేవాడు: శాస్త్రం, మనుషులు, లోకం తీరు. నిరాశ నిండా ముంచెత్తినా తెలివి మాత్రం కత్తిలా మెరుస్తుండేది. ఇంతటి ఉద్వేగం నా జీవితంలో మళ్లీ చూస్తానా అన్నంతగా ఫ్రాయిడ్ ఆ జాగారాలకు కట్టుబడిపోయాడు. తర్వాత స్పృహ తప్పడాలు మొదలయ్యాయి. మూర్ఛలు వచ్చాయి. జూన్ నాటికి తన చర్మం మీద తెల్ల పాములు పాకుతున్నాయని ఫ్లైషల్ చూస్తున్నాడు.

అవి లేవని అతనికి చెప్పి ఏం లాభం? ఒంటి మీద ఏదో పాకుతున్నట్టు, చర్మం కింద పురుగులు తొలుస్తున్నట్టు అనిపించడం కొకైన్ బానిసల్లో తరచూ కనిపించేదేనని నాలుగేళ్ల తర్వాత పారిస్‌లో మన్యాన్ అనే మానసిక వైద్యుడు వివరించాడు. ఆ లక్షణాన్ని ఇప్పటికీ అతని పేరుతోనే పిలుస్తారు. గోళ్లతో గీరుకుని, సూదితో పొడుచుకుని ఆ పురుగుల్ని పట్టబోయేవాళ్లు నేటి డీ-అడిక్షన్ వార్డుల్లోనూ ఉన్నారు. నరాల సంకేతాలను కొలవడం వృత్తిగా చేసుకున్న శాస్త్రజ్ఞుడికి సొంత నరాలే లేనివాటిని పంపుతున్నాయి.

అప్పటికి అతని వాడకం రోజుకు గ్రాము. మూడు నెలల్లో 1800 మార్కులు ఆ పొడికే ఖర్చయ్యాయని తెలిసి ఫ్రాయిడ్ నివ్వెరపోయాడు. ఇంత సరుకు తెప్పిస్తున్న ఈ డాక్టరు ఏం కనిపెడుతున్నాడో అని మెర్క్ కంపెనీయే ముందొకసారి ఉత్తరం రాసి విచారించింది. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం కొకైన్ రెండు గ్రాముల లోపైతే 'స్వల్ప పరిమాణం'. ఆ లెక్కన ఫ్లైషల్‌కు రెండు రోజులకు సరిపోయేది. హైదరాబాద్ పబ్బుల్లో, ఫామ్‌హౌసుల్లో పట్టుబడ్డ పొట్లాల వార్తలు చదివీ చదివీ మనకు కొకైన్ అంటే డబ్బున్న కుర్రకారు కులాసా అని ముద్రపడిపోయింది. ఈ మనిషి ఒక్క రోజు కూడా కులాసా కోసం ముట్టుకోలేదు.

ఇక ఆర్నెల్లు బతికితే గొప్ప అనుకున్నాడు ఫ్రాయిడ్. ఆరేళ్లు బతికాడు.

ఆ ఆరేళ్ల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, చెప్పేదంతా ఒకేలా ఉంటుంది. కానీ ఒకటి చెప్పాలి. తెల్ల పాములు పాకిన ఆ 1885లోనే ఫ్లైషల్ హీమోమీటర్ అనే పరికరాన్ని లోకానికిచ్చాడు. ఒక చిన్న బల్ల, దాని మీద రెండు భాగాల గిన్నె. ఒక భాగంలో నీళ్లలో కలిపిన నెత్తుటి చుక్క. రెండోదాని కింద ఎర్ర గాజు, ఒక కొస పల్చగా, మరో కొస మందంగా. దీపం వెలుగులో ఆ గాజును జరుపుకుంటూ పోతే ఒక చోట రెండు ఎరుపులూ ఒకటవుతాయి. అక్కడ అంకె చూసుకుంటే నెత్తురులో హిమోగ్లోబిన్ ఎంతో తెలుస్తుంది. మన ల్యాబుల్లో మొన్నమొన్నటి దాకా కనిపించిన సాలీ గొట్టానికి ముందుతరం అది. ఎన్నో ఆసుపత్రులు దాన్ని వాడుకున్నాయి. వేలు లేని చెయ్యి, నిద్ర లేని కళ్లు, రోజుకు గ్రాము కొకైన్, వీటి మధ్య అంత సున్నితమైన రంగుల తేడా పట్టే సాధనం ఎలా ఆలోచించాడో!

1885 శరదృతువులో ఫ్రాయిడ్ పారిస్ వెళ్లిపోయాడు. ఈలోగా జర్మనీలో ఎర్లెన్‌మాయర్ అనే వైద్యుడు మార్ఫిన్ రోగుల మీద కొకైన్ ప్రయోగించి చూసి, మద్యం, మార్ఫిన్ తర్వాత మనుషుల మీద పడ్డ మూడో పీడ ఇదని హెచ్చరించాడు. 1887లో ఫ్రాయిడ్ జవాబు రాశాడు. తప్పు మందుది కాదని, మార్ఫిన్ బానిసలే దానికీ బానిసలవుతున్నారని, సూదితో ఎక్కించుకోవడం వల్లే ముప్పు అని. సూది వేయవచ్చని రెండేళ్ల కిందట తనే చెప్పిన ప్రసంగం ఊసు అందులో లేదు.

సముద్రం అవతల ఇదే కథ తిరగేసి నడిచింది. న్యూయార్క్‌లో విలియం హాల్‌స్టెడ్ అనే చురుకైన సర్జన్ కోలర్ వార్త చదివి, నరంలోకే కొకైన్ ఎక్కిస్తే చెయ్యి మొత్తం మొద్దుబారుతుందేమోనని తన మీదా తన సహచరుల మీదా ప్రయోగాలు చేశాడు. మొద్దుబారింది, నేటికీ డెంటిస్టు దవడకు వేసే ఇంజెక్షన్ ఆ బాటలోదే. కానీ ప్రయోగం చేసినవాళ్లు బానిసలయ్యారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. 1885 సెప్టెంబర్లో హాల్‌స్టెడ్ ప్రచురించిన వ్యాసం మొదటి వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియనంత గజిబిజి. ఆసుపత్రిలో చేర్చి అతనికి కొకైన్ మానిపించారు, దేనితో అంటే మార్ఫిన్‌తో! వియన్నాలో మార్ఫిన్‌కు విరుగుడు కొకైన్, అమెరికాలో కొకైన్‌కు విరుగుడు మార్ఫిన్. హాల్‌స్టెడ్ తర్వాత జాన్స్ హాప్కిన్స్‌లో అమెరికా శస్త్రచికిత్సకే పితామహుడయ్యాడు. ఆపరేషన్ గదికి రబ్బరు గ్లౌజులు తెచ్చిన పేరూ అతనిదే, 1890 ప్రాంతంలో. ఆ గ్లౌజుల్లాంటివి 1871లో ఉండి ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదేమో. అతను మార్ఫిన్ నుంచి ఏనాడూ పూర్తిగా బయటపడలేదన్న సంగతి సహోద్యోగి ఓస్లర్ రహస్యంగా రాసిపెడితే, 1969లో గాని అది బయటికి రాలేదు.

అట్లాంటాలో జాన్ పెంబర్టన్ అనే మందుల తయారీదారుదీ అదే ఆశ. అంతర్యుద్ధంలో గాయపడి మార్ఫిన్‌కు అలవాటైన అతను విరుగుడు కోసం కోకా కలిపిన ద్రాక్షసారా చేశాడు, 1886లో దాని నుంచి కోకాకోలా పుట్టింది. 1888లో అతను పోయాడు, మార్ఫిన్ మాత్రం వదల్లేదు. మన దేశానికీ ఆ పొడి జర్మనీ నుంచి దొంగచాటుగా వచ్చి, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కలకత్తా, బొంబాయి, ఢిల్లీ నగరాల్లో పాన్‌లో పెట్టుకు నమిలే అలవాటుగా పాకింది. 1931లో చోప్రా అనే పేరున్న ఇద్దరు పరిశోధకులు దాని మీద అధ్యయనం రాశారు. ఈ రోజు అంతా మరిచిపోయారు.

ఫ్లైషల్ దగ్గరికి తిరిగి వద్దాం. 1883లో, కొకైన్ రాకముందు, అతను ఒక పని చేశాడు. జంతువుల మెదడు పైపొరకు తీగలు తగిలించి, వాటి కళ్లకు వెలుగు చూపించాడు, సూది కదిలింది. చూడడం అనే పనికి మెదడులో విద్యుత్తు పుడుతోందన్నమాట. నేడు ఆసుపత్రుల్లో తీసే ఈఈజీకి మూలం ఇలాంటి ప్రయోగాలే. ఆ ఫలితాలను అచ్చు వేయకుండా కవర్లో పెట్టి, సీలు వేసి, వియన్నా సైన్స్ అకాడమీలో దాఖలు చేశాడు. మరికొంత పని చేసి నిండుగా ప్రకటించాలనుకున్నాడేమో. ఆ మరికొంత పని జరగనే లేదు.

1890లో పోలండ్ కుర్రాడు ఆడోల్ఫ్ బెక్ సరిగ్గా అదే విషయాన్ని కనిపెట్టి ప్రచురించాడు. ఇది నాది, ఏడేళ్ల కిందటే నాది, సీలు విప్పి చూడండని ఫ్లైషల్ పత్రికకు రాశాడు. కవరు తెరిచారు. ఉన్న మాటే. కానీ లివర్‌పూల్ నుంచి రిచర్డ్ కేటన్ అనే డాక్టరు ఇంకో ఉత్తరం రాశాడు: ఇదంతా నేను 1875లోనే చూసి అచ్చు వేశానని. అదీ నిజమే. అన్నీ పోగొట్టుకున్న అతనికి చివరగా మిగిలిన ముందరితనం కూడా అలా చేజారిపోయింది.

1891 అక్టోబర్ 22న పోయాడు. నలభై అయిదేళ్లు. రెండేళ్లకు తమ్ముడు ఓటో అతని పరిశోధన వ్యాసాలన్నీ ఒక సంపుటిగా వేయించాడు, సహచరుడు ఎక్స్‌నర్ జీవితచరిత్ర రాసిపెట్టాడు. ఫ్రాయిడ్ తన కన్సల్టింగ్ గదిలో ఫ్లైషల్ బొమ్మ తగిలించుకున్నాడు. తన కలల పుస్తకంలో, కొకైన్ దుర్వినియోగం ఒక ప్రియమిత్రుడి చావును త్వరపెట్టిందని ఒప్పుకున్నాడు. నోటితో మాత్రమే తీసుకోమని చెప్పానని, అతనే సూదులు వేసుకున్నాడనీ పక్కనే రాశాడు. 1897లో ప్రొఫెసర్ పదవి కోసం తన రచనలన్నిటి జాబితా తయారుచేసినప్పుడు, సూదికి సిఫారసు చేసిన 1885 నాటి ప్రసంగం మాత్రం అందులో లేదు. జీవితచరిత్రకారుడు ఎర్నెస్ట్ జోన్స్ 1953లో మార్తా ఉత్తరాల నుంచి కొంత బయటపెట్టాడు. ఆ ఉత్తరాలన్నీ జర్మనీలో అచ్చు కావడం మొదలైంది 2011లో. 1884 మే నెల ఉత్తరాన్నీ, అదే ఏడాది జులై వ్యాసాన్నీ ఎవరైనా పక్కపక్కన పెట్టుకుని చదువుకోవచ్చు.